తెలుగు తోబుట్టువులు: దక్షిణ బస్తర్ భాషల ప్రశ్న

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కొంటా తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, గొల్లపల్లి అనే ఊరుంది. ఊరి పేరు చూస్తే తెలుగు. ఆ రాష్ట్రంలో బడి భాష హిందీ. ఆ ప్రాంతపు ఇళ్లలో వినిపించేది మాత్రం దొర్ల మాట. దొర్లలంటే సరిహద్దు దాటితే మనం కోయలని పిలిచేవాళ్లే. అక్కడి నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ మాడియా, మురియా, గోండీ వరుసగా ఎదురవుతాయి. ఈశాన్యాన కాంగేర్ లోయ వైపు తిరిగితే ధుర్వా వినిపిస్తుంది. కొంటా సంతల్లో తెలుగుతో పని జరుగుతుంది, జగదల్‌పూర్ సంతల్లో హల్బీతో జరుగుతుంది.

ఈ ప్రాంతం గురించి నూట యాభై ఏళ్లుగా మూడు ప్రశ్నలు నలుగుతున్నాయి. ఈ మాటలకూ తెలుగుకూ ఉన్న చుట్టరికం ఏమిటి? ఇవి ఎన్ని భాషలు? వీటిని మాట్లాడే పిల్లలు ఏ భాషలో, ఏ లిపిలో అక్షరాలు దిద్దాలి? మొదటి ప్రశ్నకు భాషాశాస్త్రం గట్టి జవాబు చెప్పింది. రెండోదానికి శాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు. మూడోదానికి మాత్రం రెండోది తేలేదాకా ఆగే తీరిక లేదు. ఎవరు ఎంతవరకు తేల్చారో, తెలుగువాళ్లుగా మన బాధ్యత ఎక్కడ మొదలవుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఒకే కొమ్మ

ద్రావిడ భాషలు ఒక ప్రత్యేక కుటుంబమని రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో తన తులనాత్మక వ్యాకరణంలో నిరూపించాడు. గోండీని కూడా ఆ కుటుంబంలోనే లెక్కించాడు. అయినా తెలుగుకు తమిళ, కన్నడాలే దగ్గరి బంధువులన్న భావన పండితుల్లోనూ ప్రజల్లోనూ చాలాకాలం నిలిచింది. సాహిత్యం, లిపి, రాజ్యాలు, గుళ్లు ఆ మూడింటినీ కలిపి ఉంచినందున ఆ భావన సహజంగానే అనిపించింది.

దాన్ని మార్చినవాడు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. 1961లో వచ్చిన తెలుగు ధాతువుల అధ్యయనం, 1969లో వచ్చిన కొండ భాషా వ్యాకరణం, 2003లో వచ్చిన ద్రావిడ భాషల బృహద్గ్రంథం దాకా ఆయన చేసిన కృషిలో తెలుగు స్థానం స్పష్టమైంది. తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలది ఒకే ఉపశాఖ. దాన్ని దక్షిణ మధ్య ద్రావిడమని, రెండో దక్షిణ ద్రావిడమని అంటారు. కోయ, దొర్ల, మాడియా, మురియా మాటలు అందులో గోండీ పాయకు చెందుతాయి. వంశవృక్షం ప్రకారం గొల్లపల్లి ఇంట్లో మాట్లాడే భాష మన భాషకు తమిళం కంటే దగ్గరి చుట్టం.

అంకెలు వింటే ఈ చుట్టరికం తెలుస్తుంది. గోండీలో రెండును రండ్ అని, మూడును ముండ్ అని, నాలుగును నాలుంగ్ అని అంటారు. ఐదు దగ్గర మనకు కొత్తగా అనిపిస్తుంది. అది సయ్యుంగ్, ఆరు సారుంగ్. ఆ మొదటి సకారాన్ని గోండీ తెచ్చిపెట్టుకోలేదు. మూలద్రావిడంలో ఈ మాటల మొదట ఒక చకారం ఉండేది. తెలుగు దాన్ని పోగొట్టుకుంది, గోండీ సకారంగా నిలుపుకుంది. మరో వరుసలో గోండీ కెవి మనకు చెవి, కై మనకు చేయి, నిప్పును చెప్పే కిస్ మనకు చిచ్చు. పాత కకారం తెలుగులో చకారమైంది, గోండీలో చెక్కుచెదరలేదు. కాబట్టి గోండీని చెడిపోయిన తెలుగు అనడానికి ఆధారం లేదు. తెలుగు చెరిపేసుకున్న చరిత్ర కొంత గోండీలోనే భద్రంగా ఉంది.

వ్యాకరణంలోనూ ఇదే పరిస్థితి. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అనేటప్పుడు తెలుగు క్రియకు ఒకే రూపం. బహువచనంలో ఆ పోలిక చెదిరిపోయి స్త్రీలు పురుషులతో కలిసి వచ్చారు అవుతారు. గోండీ మాత్రం బహువచనంలో కూడా పురుషులను ఒకవైపు, మిగతా అందరినీ అన్నిటినీ మరోవైపు ఉంచుతుంది. తెలుగు ఏకవచనంలో మిగిలిన అమరికను గోండీలో రెండు వచనాల్లోనూ చూడవచ్చు.

ఒక ధ్వని ప్రయాణం

గోండీ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని సాత్పురా కొండల నుంచి గోదావరి దాకా ఉంటుంది. ఇంత విశాలమైన నేలమీద మాట ఎక్కడ మారుతుందో చూపిన పరిశోధనల్లో నాకు మిక్కిలి విలువైనదిగా తోచేది సకారం కథ. టి. బర్రో, ఎస్. భట్టాచార్య 1960లో గోండీ మాండలికాల తులనాత్మక పదజాలాన్ని ప్రకటించారు. కృష్ణమూర్తి 1998లో రాసిన వ్యాసంలో ఆ ధ్వని ప్రయాణాన్ని మాట తరువాత మాటగా అనుసరించాడు. పడమట, ఉత్తరాన సకారం నిలిచింది. మధ్య ప్రాంతాల్లో హకారమైంది. దక్షిణాన, ఆగ్నేయాన, అంటే కొండ మాడియా, కోయల వైపు, పూర్తిగా జారిపోయింది. ఉప్పును ఒకచోట సొవ్వర్ అంటే మరోచోట హోవర్ అంటారు, ఇంకోచోట ఓవర్ అంటారు. ఈ మార్పు అన్ని మాటల్లో ఒకేసారి రాలేదనీ, ఒక్కో మాటనూ పట్టుకుంటూ ఊరి నుంచి ఊరికి పాకిందనీ ఆయన చూపాడు.

భాషలను లెక్కపెట్టేవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఒక ఊరి మాట పక్క ఊరికి అర్థమవుతుంది. ఆ పక్క ఊరి మాట దాని తరువాతి ఊరికి అర్థమవుతుంది. ఇలా గొలుసు సాగిపోతే మధ్యప్రదేశ్‌లోని మండ్లా గోండు, కొంటా దొర్ల ఎదురుపడినప్పుడు ఒకరి మాట ఒకరికి అందదు. గొలుసును ఎక్కడ తెంచి ఇది ఒక భాష, అది మరో భాష అనాలో ధ్వనుల పట్టిక చెప్పదు.

పక్కింట్లో మరో శాఖ

ఈ గొలుసుకు పక్కనే ఉంటూ దానిలో కలవనిది ధుర్వా. పండితులు దీన్ని పర్జీ అంటారు. దర్భా, కాంగేర్ లోయ ప్రాంతాల్లోనూ ఒడిశా అంచుల్లోనూ మాట్లాడతారు. 1910లో బ్రిటిష్ పాలన మీద చెలరేగిన భూమ్‌కాల్ తిరుగుబాటును నడిపిన నేతానార్ ఊరి గుండాధుర్ ధుర్వా తెగవాడే. బర్రో, భట్టాచార్య 1953లో ప్రకటించిన పర్జీ గ్రంథం ఈ భాష స్థానాన్ని తేల్చింది. ఇది గోండీకి యాస కాదు, తెలుగున్న కొమ్మకూ చెందదు. ఇది మధ్య ద్రావిడ శాఖ. దీని దగ్గరి బంధువుల్లో ఒకటైన కొలామీని ఎక్కడో ఆదిలాబాద్, యవత్మాల్ అడవుల్లో మాట్లాడతారు. రెంటికీ మధ్య గోండీ ప్రాంతం పరుచుకుని ఉంది. ఒకప్పుడు దగ్గర దగ్గరగా ఉన్న మధ్య ద్రావిడ జనాల నడుమకు గోండీ విస్తరించి వాళ్లను విడదీసిందనుకుంటే ఈ ఎడబాటుకు కారణం దొరుకుతుంది.

2011 జనగణనలో పర్జీ మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 52 వేలు. బస్తర్ భాషలన్నీ గోండీయేనని అనుకునేవాళ్లు ఈ భాషను కనిపించకుండా చేస్తున్నారు.

రాతలు, రాజ్యాలు

ఇక్కడికి తెలుగు ఈ మధ్య వచ్చింది కాదు. ఇంద్రావతి ఒడ్డున ఉన్న బార్సూరులో ఛిందక నాగరాజుల కాలపు తెలుగు శాసనాలు దొరికాయి, 11వ శతాబ్దం నాటివి కూడా అందులో ఉన్నాయి. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటువైపు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంది. ఆ కాకతీయ వంశక్రమం 1703 నాటి దంతెవాడ శాసనంలో రాసి ఉంది. ఆ తరువాతి కాలంలో దర్బారు వ్యవహారానికీ, తెగల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికీ హల్బీ ఉమ్మడి మాట అయింది. అది ఇండో ఆర్య భాష, మరాఠీ, ఒడియా, ఛత్తీస్‌గఢీ పోలికలు కలగలిసినది.

రాజులు ఎవరైనా, శాసనం ఏ భాషలో చెక్కినా, కోయ, మాడియా, ధుర్వా మాటలు రాతకెక్కలేదు. వాటిని మొదట కాగితం మీద పెట్టినవాళ్లు మిషనరీలు, అధికారులు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో దుమ్ముగూడెంలో ఉండి కోయల మాటనూ ఆచారాలనూ రాసిన జాన్ కెయిన్ వారిలో ముందువాడు. 1906లో వెలువడిన గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం కోయను గోండీ మాండలికంగా చూపింది. డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో మాడియా గోండుల గురించి, ఎ.ఎన్. మిచెల్ 1942లో మాడియా వ్యాకరణం గురించి పుస్తకాలు తెచ్చారు. పి.ఎస్. సుబ్రహ్మణ్యం గోండీ వ్యాకరణం 1968లో, స్టీఫెన్ టైలర్ గొమ్ము కోయ వ్యాకరణం 1969లో వచ్చాయి.

ఈ కృషికి తెలుగువారు రుణపడి ఉన్నారు. అయితే ఇందులో పెద్ద లోటు కూడా ఉంది. ఈ పుస్తకాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషులో, పండితుల కోసం రాసినవి. ఆ మాట మాట్లాడేవాళ్ల చేతికి అందిన వ్యాకరణాలు, నిఘంటువులు చాలా తక్కువ.

పేర్లు నాలుగు, లెక్కలు రెండు

ఈ జనం తమను తాము కోయతోర్, కోయతూర్ అని చెప్పుకుంటారు. ఆ పేరు అటు గోండులదీ, ఇటు కోయలదీ. బయటివాళ్లు పెట్టిన పేర్లు మాత్రం రాష్ట్రానికొకటిగా మారాయి. ఒడిశా మల్కన్‌గిరిలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ కోయ. ఛత్తీస్‌గఢ్‌లో దొర్ల. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్లకు ఇక్కడ గుత్తికోయ అన్న పేరు పడింది.

పేరు మారితే లెక్క కూడా మారుతుంది. జనగణనలో దొర్లీని గోండీ కింద చేర్చారు, కోయను విడి భాషగా ఉంచారు. 2011లో గోండీ లెక్క సుమారు 29.8 లక్షలు, కోయ లెక్క సుమారు 4 లక్షలు. సరిహద్దుకు ఇటువైపు ఉన్న మేనత్త కోయ పట్టికలోకి, అటువైపు ఉన్న మేనకోడలు గోండీ పట్టికలోకి చేరతారు. పెళ్లిళ్లు, పండుగలు, బంధుత్వాలు సరిహద్దును దాటి సాగుతూనే ఉన్నాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వంటి మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాక కోయ నేల నాలుగు రాష్ట్రాల మధ్య మరింత చీలింది.

అంతకన్నా కలవరపెట్టే లెక్క ఒకటుంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కదానిలోనే కోయ తెగ జనాభా సుమారు 5.9 లక్షలు. ఒడిశా కోయలను కూడా కలుపుకుని దేశం మొత్తంమీద కోయ తమ మాతృభాష అని చెప్పుకున్నవారు 4 లక్షలే. మిగిలినవాళ్లలో చాలామంది ఇళ్లలోకి తెలుగు చేరింది. అక్కచెల్లెళ్ల వంటి భాషల్లో ఒకటి బడి, కచేరీ, బజారు, సినిమా అన్నింటినీ పట్టుకుంటే రెండోది ఇంటికే పరిమితమవుతుంది. తరువాత ఇంట్లోంచి కూడా జారుకుంటుంది. బస్తర్‌లో హిందీ చేస్తున్న పనినే గోదావరి తీరంలో తెలుగు ఎప్పుడో చేసింది. హిందీ ఆధిపత్యం గురించి మాట్లాడే ముందు మనం ఒప్పుకోవలసిన నిజం ఇది.

బలూచిస్తాన్, కుర్దిస్తాన్‌ల పాఠం

ఒక శాఖ భాషలు అనేక రాజ్యాల మధ్య చీలిపోతే ఏమవుతుందో ఇరానీ భాషలను చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. బస్తర్ భాషలను నాలుగో సంపుటంలో నమోదు చేసిన గ్రియర్సన్ సర్వే 1921లో వచ్చిన పదో సంపుటాన్ని ఇరానీ భాషలకు కేటాయించింది. పష్తో, బలూచీ అందులోనివే. బలూచీ నేడు ఇరానీ ప్రపంచపు ఆగ్నేయ కొసన ఉన్నా వంశం రీత్యా వాయవ్య ఇరానీ శాఖది. దాని చుట్టాలు కుర్దిష్, కాస్పియన్ తీరపు భాషలు. ధుర్వా, కొలామీల ఎడబాటు వంటిదే ఇదీ.

ఆ బలూచీ నడుమనే మన కుటుంబపు దూరపు భాష బ్రాహుయీ బతుకుతోంది. ద్రావిడ కుటుంబంలో ఉత్తర శాఖకు చెందిన ఈ భాషను పాకిస్తాన్‌లో 20 లక్షలకు పైగా జనం మాట్లాడతారు. డెనిస్ బ్రే 1909లో దాని వ్యాకరణం ప్రకటించాడు. దాని సొంత అంకెలు మూడు దగ్గర ఆగిపోయాయి. నాలుగు నుంచి బలూచీ, ఫార్సీ అంకెలే. చాలామంది బ్రాహుయీలకు బలూచీ కూడా వచ్చు, తాము బలూచులమనే చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. బ్రాహుయీలో చాలా పాత ఇరానీ అరువు మాటలు కనిపించవు కాబట్టి ఆ జనం వెయ్యేళ్ల లోపే మధ్య భారతం నుంచి వెళ్లి ఉంటారని జోసెఫ్ ఎల్ఫెన్‌బైన్ వాదించాడు. ఆదినుంచీ అక్కడే ఉన్నారనేది మరో పక్షం. ఈ వివాదం ఇంకా ముగియలేదు.

కుర్దిష్ నేర్పే పాఠం మరింత సూటిగా ఉంటుంది. టర్కీ, సిరియా, ఇరాక్, ఇరాన్ అనే నాలుగు దేశాల మధ్య చీలిన ఆ భాషకు కుర్మాంజీ, సోరానీ అనే రెండు ప్రధాన రూపాలున్నాయి. 1932లో డమాస్కస్‌లో మొదలైన హావార్ పత్రిక ద్వారా జలాదత్ బదిర్‌ఖాన్ కుర్మాంజీకి లాటిన్ లిపిని స్థిరపరిచాడు. సోరానీ అరబిక్ లిపిలోనే సాగింది. 2005 ఇరాక్ రాజ్యాంగం కుర్దిష్‌ను అధికార భాషల్లో ఒకటిగా గుర్తించింది. టర్కీలో 1983 నాటి చట్టం ఆ భాషలో ప్రచురణలను నిషేధించింది, 1991లో గానీ ఆ చట్టం పోలేదు. బడి, పత్రిక, చట్టం అండగా ఉన్నచోట భాష ఎదిగింది. అవి లేనిచోట ఇంటికే పరిమితమైంది. రెండు లిపులున్నంత మాత్రాన కుర్దిష్ చావలేదు. ఏ లిపిలోనూ చదువు అందనప్పుడే అది నలిగిపోయింది.

లిపుల వాదం

గోండీకి నేడు కనీసం రెండు సొంత లిపులున్నాయి. 1918లో బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్‌సింగ్ మసరాం ఒక లిపిని రూపొందించాడు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత రాతప్రతుల్లో ఉన్న మరో లిపిని పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు తదితరులు లోకానికి చూపారు. 2017లో మసరాం గోండీ, 2018లో గుంజాల గోండీ యూనికోడ్‌లో చేరాయి. ఇవి ఆత్మగౌరవ చిహ్నాలు, వాటిని తక్కువ చేయడం తగదు.

బడిలో జరిగినది వేరు. 1940లలో హైదరాబాద్ సంస్థానంలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ మార్లవాయిలో మొదలైన గోండు విద్యా పథకం దేవనాగరిలో గోండీ వాచకాలు తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003-04లో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యకు పూనుకుంది. కోయ, గోండీ, కొలామీ, కువి, కొండ అందులో ఉన్నాయి, పాఠాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒడిశా తన బహుభాషా కార్యక్రమంలో కోయకు ఒడియా లిపి వాడింది. ఛత్తీస్‌గఢ్ దొర్లీ, గోండీలకు వాడేది దేవనాగరి. 2014 తరువాత ఆరు రాష్ట్రాల గోండులు కార్యశాలల్లో కూర్చుని సుమారు 3 వేల పదాలతో ఉమ్మడి నిఘంటువు తయారుచేసుకున్నారు. ఫోన్ ద్వారా నడిచే ప్రజా వార్తా వేదిక సీజీనెట్ స్వర దానికి తోడ్పడింది. 2025లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆదివాణి అనువాద సాధనంలోనూ గోండీ ఉంది. అయితే అది ఏ గోండీ అన్న ప్రశ్న కొంటా దొర్లకు సహజంగానే వస్తుంది.

ఒకే మాటకు మూడు రాష్ట్రాల లిపుల్లో మూడు వేర్వేరు వాచకాలు రాశారు.  ప్రతిచోటా ప్రాజెక్టు డబ్బు, అధికారి ఆసక్తి ఉన్నంతకాలం నడిచింది, తరువాత మందగించింది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచి ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను రాష్ట్రాలకు అప్పగించింది. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి, గిరిజన భాషలుగా చేరినవి 2003 సవరణతో వచ్చిన బోడో, సంతాలీలే. దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండీ ఇంకా బయటే ఉంది.

తునికాకు దారిలో వచ్చిన పిల్లలు

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సాయుధ దళాలతో మొదలైన సల్వాజుడుం హింసలో కొంటా ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. మిర్చి కోతకూ తునికాకు కోతకూ వచ్చిపోయే దారుల్లోనే వేలమంది అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు చేరారు. సుప్రీంకోర్టు 2011లో ఆ సాయుధ దళాల ఏర్పాటును రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆ తరువాత కూడా చాలా కుటుంబాలు వెనక్కి పోలేదు. ఇక్కడ వాళ్లకు పోడు భూమి మీద హక్కు లేదు, తెగ ధ్రువపత్రం లేదు.

ఇలాంటి కుటుంబంలో పిల్లవాడికి ఇంట్లో దొర్ల మాట వస్తుంది. అక్కడి బడిలో హిందీ ఉండేది. ఇక్కడి బడిలో తెలుగుంది, ఇప్పుడు దాని పక్కన ఇంగ్లీషూ చేరింది. బస్తర్‌లో మూతపడిన బడులు ఇటీవల రోడ్లు, టవర్లతో పాటు మళ్లీ తెరుచుకుంటున్నాయి. తెరిచిన బడిలో మొదటి రోజు పంతులు నోట ఏ మాట వినిపిస్తుందన్నది ఈ తరం చదువును నిర్ణయిస్తుంది.

తేలినదీ, చేయవలసినదీ

చుట్టరికం ప్రశ్న తేలిపోయింది. కోయ, దొర్ల, గోండీ తెలుగున్న కొమ్మకు చెందినవి, ధుర్వా పక్క కొమ్మది. భాషా, యాసా అన్న ప్రశ్నను ఆ జనమే తేల్చుకోవాలి. 3 వేల పదాల నిఘంటువు కోసం కలిసి కూర్చున్నప్పుడు వాళ్లు ఆ పని మొదలుపెట్టారు. మనం చేయగలిగింది అడ్డు రాకుండా ఉండడం.

బడి ప్రశ్నలో మాత్రం మనం చేయగలిగినవి చాలా ఉన్నాయి. భద్రాచలం, చింతూరు, సుక్మా, మల్కన్‌గిరి ప్రాంతాల కోయ ఉపాధ్యాయులు కలిసి ఒకే వాచకం రాసుకోవచ్చు. దాన్ని తెలుగు, దేవనాగరి, ఒడియా లిపుల్లో అచ్చు వేయవచ్చు. లిప్యంతరీకరణ ఇవాళ కంప్యూటర్‌కు నిమిషాల పని. ఒక ఊరి నుంచి మరో ఊరికి వలసపోయిన పిల్లవాడు కొత్త లిపిలో కూడా తన పాఠాన్నే చూసుకోగలుగుతాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04లో మొదలైన పనిని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు బడ్జెట్‌తో, శాశ్వత పోస్టులతో, కోయ మాట్లాడే ఉపాధ్యాయులతో మళ్లీ నిలబెట్టాలి. వలస వచ్చిన పిల్లలను కూడా ఆ తరగతుల్లోనే కూర్చోబెట్టాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తమిళ, కన్నడాలతో పాటు గోండీ, కోయలను తెలుగు చరిత్రలో భాగంగా పాఠ్యంలో చేర్చాలి. 2022లో పద్మశ్రీ అందుకున్న డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య కోయ, తెలుగు రెండింటిలోనూ కోయ వీరగాథలు పాడారు. అటువంటి గాథలను రికార్డు చేసి, కోయ లిఖిత పాఠంతో ప్రచురించే పని ఇంకా ఎంతో మిగిలి ఉంది.

తెలుగు ప్రాచీన భాష అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ ప్రాచీనతకు సాక్ష్యం శాసనాల్లో కొంత ఉంది, ఈ సోదర భాషల్లో మరికొంత ఉంది. సారుంగ్ అనే అంకె, కెవి అనే మాట వినిపించకుండా పోతే తెలుగు పుట్టుక చరిత్రలో కొన్ని పుటలు మనమూ పోగొట్టుకుంటాం. అంతకన్నా ముందు ఒక పిల్లవాడు తన అమ్మ మాటలో చదువుకునే హక్కు పోగొట్టుకుంటాడు. మన ప్రభుత్వాలను, మన విశ్వవిద్యాలయాలను, మన పత్రికలను ఈ విషయంలో నిలదీయవలసింది మనమే.